మండితే చెప్పే మొహం

మొహం ఎవరిదైనా, దాని గురించి మాట్లాడే హక్కు మాత్రం ఊరందరిదీ. ఈ సంగతి శేషారత్నానికి తెలిసినంత బాగా నాంపల్లిలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. కూరలు కొనబోతే కూరలమ్మే ఆమె, బస్సెక్కితే పక్క సీట్లో ముసలమ్మ, సినిమా హాల్లో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు, అందరూ ముందు ఆమె బుగ్గల మీది మొటిమలు చూసి, ఆ తర్వాత ఆమెను చూసేవారు. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. మందు చెప్పకుండా ఒక్కరూ కదిలేవారు కాదు.

ఆమెది రేపల్లె. భర్త అమరేశ్వరరావు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. కర్నూల్లో మూడేళ్ళు చేసి, యాభై ఆరులో రాజధానితోపాటు తట్టాబుట్టా సర్దుకుని హైదరాబాదు వచ్చాడు. నాంపల్లి స్టేషను వెనక సందులో విద్యాసాగర్ అనే ఆయన ఇంట్లో వెనక వాటా కిరాయికి దొరికింది. వచ్చిన మూడో నెలకే శేషారత్నం మొహం నిండా మొటిమలు లేచాయి. పెళ్ళికి ముందు ఒక్కటైనా రానివి ఇరవై రెండేళ్ళు నిండాక తీరిగ్గా వచ్చాయి. చర్మం కూడా అదోలా తయారైంది. సబ్బు రాస్తే మంట, ఎండ తగిలితే మంట, పుట్టింటివాళ్ళు ఎంతో నమ్మకంగా పంపిన పసుపు రాస్తే దద్దుర్లు.

"ఇదంతా ఈ ఊరి నీళ్ళండీ. కృష్ణ కాలవ నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు నాది" అంది శేషారత్నం ఓరోజు ఇంటావిడ విద్యావతితో.

విద్యావతి వాళ్ళది తాతల నాటి నుంచీ ఈ ఊరే. ఆమెకు చురుక్కుమంది. "మా నీళ్ళకేమైంది? మేం తాగుతలేమా? మీరు తినే గోంగూర పచ్చడి ఏంది, గా కారం ఏంది? అది జర తగ్గించున్రి, అన్నీ తగ్గుతయ్" అంది.

ఆ రోజుల్లో ఊళ్ళో సగం వాదాలు ఇలాగే ఉండేవి. వచ్చినవాళ్ళు నీళ్ళనేవారు, ఉన్నవాళ్ళు కారమనేవారు. మొటిమలు మాత్రం ఏ పక్షమూ చేరకుండా తమ పని తాము చేసుకుపోయాయి.

శనగపిండీ నిమ్మరసం అన్నారు, రాసింది. ముల్తానీ మట్టి అన్నారు, పూసింది. సుల్తాన్ బజార్లో కొన్న సీసా మందు ఒకటి రాత్రి రాసుకుంటే తెల్లారేసరికి కళ్ళు తెరుచుకోలేదు. గట్టున కూర్చుని సలహా చెప్పేవాళ్ళకేం, మొహం వాళ్ళది కాదు. మూడేళ్ళు అలా అందరి మాటా విని, విసిగి వేసారి, ఆఖరికి శేషారత్నం ఒక్కొక్కటే మానేయడం మొదలుపెట్టింది. నిమ్మ మానేసింది. పసుపు మానేసింది. మిగిలినవాటిలో ఏది మండుతోందో, ఏది మండటం లేదో చెంప మీద చిటికెడు రాసి చూసుకుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఆమెకు పనికొచ్చింది పెరట్లో వేపచెట్టే. లేత ఆకు, అదీ ఎండలో కాదు, నీడలో ఎండినది. దానికి తోడు సుగంధిపాల వేరు, అరగదీసిన గంధపు చెక్క. రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, గులాబీ నీళ్ళతో కలిపి రాసుకుంటే మొహానికి తడిగుడ్డ వేసినంత హాయిగా ఉండేది. నెలరోజుల్లో ఎరుపు తగ్గింది. రెండు నెలల్లో విద్యావతి తనంతట తానే వచ్చి, మెడ మీది చెమటకాయలకు కాస్త ఇమ్మని అడిగింది.

చెమటకాయలు తగ్గడంతో కథ విద్యాసాగర్ చెవిన పడింది. ఆయనకు ఆబిడ్స్‌లో, పెద్ద రోడ్డు మీంచి లోపలికి పోయే సందులో మూలికల దుకాణం ఉంది. చెడ్డమనిషి కాదు. కాకపోతే ఏ వస్తువు చూసినా దాన్ని డబ్బాలో పెట్టి అమ్మితే ఎలా ఉంటుందా అనే ఆలోచన తప్ప ఇంకో ఆలోచన రాని మనిషి. "శేషారత్నమ్మా, మీరు చేయున్రి, నేను అమ్ముత" అన్నాడు. ఆమె సరేనంది. చిన్న రేకు డబ్బాలు వచ్చాయి. డబ్బా మీద కాగితం అంటించారు. కాగితం మీద 'విద్యా లేపం' అని ఉంది. భార్య పేరు కలిసొస్తుందని పెట్టాడట. అది చూసినరోజు శేషారత్నం అన్నం సరిగ్గా తినలేదు.

అసలు గొడవ అక్కడ కాదు, సరుకు దగ్గర. తెచ్చిన ప్రతిసారీ ఒకేలా ఉండదు. గంధం పేరుతో ఏ చెక్కో ఇస్తారు. వేపాకు కాస్త ముదిరితే ఘాటెక్కుతుంది. చూడ్డానికి తెలియదు, వాసనకు తెలియదు, చేతి మీద రాసుకుంటే అంతకన్నా తెలియదు. తెలిసేది ఒక్కచోటే, ఆమె మొహం మీద. అందుకని దంచిన ప్రతి దఫా సరుకూ డబ్బాలకెక్కే ముందు ఆమె చెంపకెక్కేది. చల్లగా ఉంటే దుకాణానికి. మండితే చెత్తకుండీలోకి. కుడిచెంప మానేలోగా ఎడమచెంప వంతు వచ్చేది. అలా నాలుగేళ్ళు. ఆమె మందుతో ఊళ్ళో ఎందరి మొహాలు చల్లబడ్డాయో లెక్క లేదు గానీ, ఆ మందు కనిపెట్టిన మనిషి మొహం మాత్రం నెలలో పదిరోజులు కూడా స్థిమితంగా ఉండేది కాదు.

"ఇంకెవరి మొహమైనా చూసుకోకూడదటే? కావలిస్తే నాది వాడుకో" అన్నాడు అమరేశ్వరరావు ఓ ఆదివారం, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా.

తనను భగ్గున మండించిన సరుకే ఆయనకు రాసింది. ఆయన దాంతోనే పేపరు చదువుకుని, కాఫీ తాగి, కాసేపు కునుకు కూడా తీశాడు. ఇరవయ్యేళ్ళు బ్లేడు పడ్డ చర్మం అది, దానికేం తెలుస్తుంది. "ఏమీ లేదే, బాగానే ఉందే" అన్నాడు లేచి. శేషారత్నానికి ఒళ్ళు మండింది.

ఎప్పుడైనా దుకాణానికి వెళ్ళినప్పుడు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు డబ్బా చేతిలోకి తీసుకుని, ఆమె వంక చూసి, "ఇది చేసేది మీరేనా" అని అడిగేవారు. అవునంటే డబ్బా మెల్లిగా బల్ల మీద పెట్టేసేవారు. వాళ్ళకు ఏమని చెబుతుంది? మీ మొహం మండకూడదని నా మొహం మండించుకున్నానంటే నమ్మేవాళ్ళెవరు? రెండుమూడుసార్లు చెప్పి చూసింది. మూడోసారి ఒకావిడ నవ్వింది. ఆ తర్వాత చెప్పడం మానేసింది.

అరవై నాలుగు జనవరి నుమాయిష్‌లో విద్యాసాగర్‌కు స్టాలు దొరికింది. ఎగ్జిబిషన్ మైదానం వాళ్ళ ఇంటికి నడిచిపోయేంత దూరం. ఏటా ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ వార్త వినగానే శేషారత్నం కడుపులో ఉన్న కోరిక గొంతులోకి వచ్చింది. "స్టాల్లో నేను కూర్చుంటానండీ. చేసేది నేనే కదా. నాలుగేళ్ళలో ఒక్కసారైనా నాది అని చెప్పుకుని అమ్ముకోనివ్వండి" అని అడిగేసింది.

విద్యాసాగర్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "గట్ల గాదమ్మా. మీరు కూసుంటే నాకేం బాధ? గిరాకీ మొహం చూస్తది. నవంబరే గద నడుస్తున్నది. జనవరి వరకు మంచిగైతే మీరే కూసోండ్రి. లేకుంటే మా మేనకోడలు పద్మను కూసోబెడ్త" అన్నాడు. పద్మ కాలేజీలో చదువుతోంది. దాని బుగ్గ మీద దోమ కూడా జారిపడుతుంది.

ఆమెకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ తర్వాత పంతం వచ్చింది. నుమాయిష్‌కు కావలసిన సరుకంతా మూడు వారాల్లో దంచేసింది. ఒక్కో దఫా చెంప మీద చూసుకుని, పనికిరానిది పారేసి, మిగిలింది డబ్బాలకెత్తించి, దుకాణం అటక మీద పెట్టించింది. ఇంక జనవరి దాకా మొహం ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. చన్నీళ్ళు, పొద్దునోసారి రాత్రోసారి తన మందు, అంతే.

నలభై రోజులు. నాలుగేళ్ళలో ఆ మొహానికి దొరికిన మొదటి సెలవు అది. మొదట వాపు తగ్గింది, తర్వాత ఎరుపు, చివరికి మచ్చలు కూడా పల్చబడ్డాయి. జనవరి మొదటివారంలో అమరేశ్వరరావుతో మొజంజాహీ మార్కెట్‌కు వెళ్ళి ఐస్‌క్రీం తింది. పళ్ళు కొన్నది. పళ్ళవాడు పళ్ళ ధర చెప్పాడు, మందు చెప్పలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆమె ఆ మాటే తలుచుకుని నవ్వుకుంటూ ఉంటే భర్తకు ఏమీ అర్థం కాలేదు.

స్టాలు తెరిచేది ఆదివారం. శుక్రవారం పొద్దున ఆమె డబ్బాలు తుడిచి సర్దుదామని ఆబిడ్స్ దుకాణానికి వెళ్ళింది. డబ్బాలు బల్ల మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తెరిచి, అలవాటుగా పొడి వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగా, మైదాలా ఉంది. ఆమె దంచిన పొడి ఎంత జల్లించినా అంత మెత్తగా రాదు.

"గట్టయ్యా, ఇవెక్కడివి? నేను దంచినవి కావే" అంది.

గట్టయ్య దుకాణంలో పాతికేళ్ళ నుంచీ ఉన్న పనివాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "మీవి అమ్ముడుపోయినయమ్మా. పెండ్లిళ్ళోళ్ళు వచ్చి తీస్కపోయిన్రు. ఒక ఇరవై ఉన్నయ్ గంతే. సేఠ్ సరుకు తెచ్చి పట్టియ్యమన్నడు. పిండి మర కాడ పండుగ లైను శానా ఉండె, అరిసెల బియ్యానికి. గందుకని కారం మరల పట్టించిన."

శేషారత్నం చేతిలో మూత బల్ల మీద పడింది. "కారం మరలోనా?"

"ఫికర్ చేయకున్రి. ముందుగాల రెండు శేర్ల బియ్యం పోసి తిప్పించిన. కారం అంతా గా బియ్యంలనే పోయింది."

బియ్యం తిప్పితే మర శుభ్రమవుతుందని గట్టయ్యే కాదు, ఊళ్ళో అందరూ నమ్ముతారు. తర్వాత పట్టించిన పిండితో అరిసెలు వండుకుని తింటారు, ఎవరికీ ఏమీ కాదు. తినే నోటికి ఏమీ కాదు. లోపలి నుంచి విద్యాసాగర్ వచ్చాడు, సంగతి విన్నాడు, ఒక డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుమ్ము రాలేదు. నీళ్ళతో కలిపి తన చెంపకు రాసుకున్నాడు. గట్టయ్యకూ రాశాడు. అప్పుడే వచ్చిన పద్మకూ రాశాడు. ముగ్గురూ అలా పెళ్ళికొడుకుల్లా, పెళ్ళికూతురిలా పావుగంట కూర్చున్నారు.

"నాకు సల్లగనే ఉన్నది అక్కా" అంది పద్మ.

"చూసిన్రా? ముగ్గురికి లేని మంట ఎక్కడికెల్లి వస్తది?" అన్నాడు విద్యాసాగర్.

"మీ ముగ్గురికీ ఈ మందు అక్కర్లేదండీ. కొనేవాళ్ళ మొహాలు మీలాంటివి కావు" అంది శేషారత్నం.

"అయితే ఏం చేయమంటరు? మళ్ళ దంచనీకి టైం ఉన్నదా? సరుకు ఉన్నదా?" అని ఆయన కూడా విసుక్కున్నాడు.

ఆమె ఒక డబ్బా కొంగున కట్టుకుని ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మోచేతి మీద రాసి చూసింది, ఏమీ కాలేదు. మెడ మీద రాసింది, ఏమీ కాలేదు. ఇంక ఊరుకుందామనుకుంది. నిజంగానే అనుకుంది. అద్దంలో మొహం చూసుకుంది. ఇంకో రెండు రోజులు ఈ మొహాన్ని ఇలా ఉండనిస్తే చాలు. నిజానికి మండుతుందని ఏముంది? బియ్యం తిప్పించారు కదా. ఒకవేళ మండినా అది ఎవరికో, ఎక్కడో, తన ఎదురుగా కాదు. ఇలా ఎంతసేపు సర్దిచెప్పుకున్నా, సీసా మందు రాసుకుని కళ్ళు తెరుచుకోని ఆ తెల్లవారుజాము గుర్తొచ్చేది. ఈ పాడు ఊళ్ళో ఇన్ని లక్షల మొహాలుండగా, మండితే చెప్పే మొహం తనకే ఎందుకివ్వాలి దేవుడు? ఆమె దేవుణ్ణీ, విద్యాసాగర్‌నీ, కారం మరనూ, అందరినీ కలిపి తిట్టుకుంది. తిట్టుకుంటూనే గిన్నెలో గులాబీ నీళ్ళు పోసింది.

రెండు చెంపలకూ రాసుకుంది. ఒకదానికి రాస్తే రెండోదాన్ని చూపించి తప్పించుకోవచ్చని బుద్ధి పుడుతుందేమోనని రెండింటికీ రాసింది.

పది నిమిషాలు చల్లగానే ఉంది. ఆమె ప్రాణం లేచి వచ్చింది. పన్నెండో నిమిషంలో ముక్కు పక్కన చిన్నగా చురుక్కుమంది. పావుగంటకు మొహమంతా పొయ్యి దగ్గర పెట్టినట్టయింది. కుండలో నీళ్ళన్నీ అయిపోయేదాకా కడుక్కుంది. సాయంత్రం అమరేశ్వరరావు ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. వెళ్ళి బావిలోంచి ఇంకో బిందె తోడుకొచ్చి పెట్టాడు.

శనివారం పొద్దున లేచేసరికి నలభై రోజుల సెలవూ తుడిచిపెట్టుకుపోయింది. ఎర్రటి వాపు, దాని మీద గింజల్లా మొటిమలు. ఆమె కొంగు కప్పుకోకుండా ముందు వాటాలోకి నడిచి, విద్యాసాగర్ ఎదురుగా నిలబడింది. ఆయన టీ కప్పు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దుకాణం తాళాల కోసం వచ్చిన గట్టయ్యను పిలిచి, "గా కొత్త డబ్బలన్ని తీస్కపోయి ఎవ్వరు ముట్టని కాడ పారబొయ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన్ని మెచ్చుకోవలసిందే. కానీ ఆ తర్వాత నేల చూస్తూ, "రేపు పద్మ కూసుంటది తల్లీ" అన్నాడు.

ఆమె సరేనంది. సరేననక ఏం చేస్తుంది? ఆ రోజు అన్నం మాడ్చింది. మాడిన అన్నమే భర్తకు పెట్టింది. ఆయన దాన్నే పచ్చడి కలుపుకుని తిన్నాడు.

ఆదివారం సాయంత్రానికి నుమాయిష్ జనంతో నిండిపోయింది. స్టాలు ముందు పద్మ, వెనక దుప్పటి అడ్డం కట్టిన మూల శేషారత్నం. మిగిలిన ఇరవై డబ్బాలూ చాలవని, మైదానం పక్కనే ఇల్లు కాబట్టి, తన ఇంట్లో వాడకానికి దాచుకున్న పొడి కూడా తెచ్చి పొట్లాలు కడుతోంది. దుప్పటి అవతల పద్మ నవ్వుతూ మందు గుణాలు చెబుతోంది. జనం బాగానే కొంటున్నారు. అది కూడా ఆమెకు బాధగానే ఉంది.

కాసేపటికి ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురికి పదిహేడేళ్ళుంటాయి. ఓణీ కొంగు చెంప మీదికి లాక్కుని, ఆ చేత్తోనే పట్టుకుని ఉంది. తల్లి డబ్బా బేరమాడుతోంది.

"వద్దమ్మా. అన్నీ మండుతయ్. ఇంటికి పోదాం" అంది పిల్ల.

"ఇది మండదు చెల్లె. నేను రాసుకున్న, సల్లగుంటది" అంది పద్మ.

పిల్ల పద్మ బుగ్గల వంక చూసింది. "మీకెందుకు మండుతది" అని వెనక్కి తిరిగింది.

శేషారత్నానికి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. పొట్లం పక్కన పెట్టి, దుప్పటి తోసుకుని బయటికి వచ్చింది. ట్యూబులైటు వెలుతురులో ఆ మొహం చూసి బేరమాడుతున్న తల్లి ఒకడుగు వెనక్కి వేసింది. పిల్ల మాత్రం ఆగింది. చాలా దగ్గరగా చూసింది.

"మీరు గిదే రాస్తున్నరా?" అని అడిగింది.

"రాస్తున్నాను. కానీ నా మొహం ఇలా చేసింది వేరే సరుకు. అది మండింది. మండిందని పారబోయించాం. మండనిదే ఇక్కడ పెట్టాం" అంది శేషారత్నం.

"మండిందని మీకెట్ల తెల్సింది?"

"ఇలాగే" అని తన చెంప చూపించింది.

పిల్ల నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. శేషారత్నం ఒక డబ్బా విప్పి, గులాబీ నీళ్ళతో కలిపి, ఆ పిల్ల చూస్తుండగానే వాచిన చెంప మీద రాసుకుని, స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంది. పిల్ల ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడింది. మంట పుడితే కళ్ళు చెబుతాయని ఇద్దరికీ తెలుసు. చుట్టూ నలుగురైదుగురు ఆగారు. విద్యాసాగర్ గాభరాగా జనాన్ని తోసుకుని వచ్చి, చెవి దగ్గర వంగి, "శేషారత్నమ్మా, జర లోపలికి పోండ్రి. గిరాకీ పోతది" అన్నాడు.

"ఇంకో పదినిమిషాలాగండి. ఈ అమ్మాయి చూస్తోంది" అంది ఆమె తల తిప్పకుండా.

పదినిమిషాలు గడిచాయి. ఆ పైన ఇంకో ఐదు గడిచాయి. ఆమె రెప్ప కొట్టలేదంటే అబద్ధం, మామూలుగానే కొట్టింది. అప్పుడు ఆ పిల్ల ఓణీ కొంగు వదిలేసింది. కింద ఉన్న చెంప శేషారత్నం చెంప లాగే ఉంది.

"పెట్టున్రి" అని మొహం ముందుకు వంచింది.

మంట తెలిసిన ఇంకొకరి మొహం మీద శేషారత్నం చెయ్యి పెట్టడం అదే మొదలు. గోరు తగలకుండా, చిటికెడు మాత్రం, చెంప చివర రాసింది.

"మండితే వెంటనే చెప్పు తల్లీ" అంది.

"ఔ" అని ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.